లుప్తక్రియలు - సరూపపదాలు: కావ్యార్థనిర్ణయంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ప్రాచీనకావ్యాలలో తరచుగా కనిపించి నేటి వాడుకలో లోపించిన కొన్ని క్రియలు, రూపసామ్యం గల సజీవపదాల నీడలో అపార్థానికి గురవుతున్నాయి. అరుగు, చను, ఎఱఁగు అనే మూడు ధాతువుల ఆధారంగా ఈ సమస్యను పరిశీలించి, అర్థనిర్ణయానికి వాక్యనిర్మాణమే ప్రధానప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లుప్తక్రియ, సరూపపదం, శకటరేఫం, సరళాదేశం, మెతుకుసీమ వాడుక.

1. ఉపోద్ఘాతం

కాళిదాసకావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి పేరు నేటి మెదక్ జిల్లాలోని కొల్చారంతో ముడిపడి ఉంది. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఆయన పెట్టుకొన్న నియమం ప్రసిద్ధం. ఆ నియమాన్ని తెలుగు కావ్యపఠనానికి అన్వయిస్తే, తెలిసినట్టు కనిపించే క్రియలే ఎక్కువ ప్రమాదకరమని తేలుతుంది. పూర్తిగా తెలియని పదం పాఠకుణ్ణి నిఘంటువు దగ్గరకు పంపుతుంది. తెలిసినట్టు తోచే పదం అతణ్ణి అక్కడికి పోనివ్వదు.

2. అరుగు - అఱుగు - అరుదు

సాధురేఫంతో ‘అరుగు’ అంటే వెళ్ళు. శకటరేఫంతో ‘అఱుగు’ అంటే జీర్ణించు, క్షయించు. మొదటిది కావ్యాలకే పరిమితమైంది. రెండవది ‘తిన్నది అరగలేదు’, ‘చెప్పులు అరిగిపోయాయి’ వంటి మాటల్లో నిత్యం వినిపిస్తుంది. ఆధునిక ముద్రణ శకటరేఫాన్ని విడిచిపెట్టడంతో ఈ రెండూ ఒకే రూపం పొందాయి. ‘రథ మరిగెను’ అనే వాక్యాన్ని కల్పించుకొంటే, రథం కదిలిందో, దాని చక్రాలు అరిగాయో రూపాన్ని బట్టి చెప్పలేం. ఇంటిముందరి ‘అరుగు’ మూడవ సరూపం. అయితే అది నామవాచకం కనుక సందేహానికి తావివ్వదు.

‘అరుదెంచు’ విషయం మరింత సూక్ష్మమైనది. ‘అరుగుదెంచు’ అన్న రూపం సంక్షిప్తమై ‘అరుదెంచు’ అయింది; అర్థం ‘వచ్చు’. దీనిని ‘అరుదు’తో కలిపి ‘అరుదుగా వచ్చు’ అని వివరించడం నిరాధారం. ‘చనుదెంచు’, ‘ఏతెంచు’ అనే సమానార్థకాలను పక్కన పెట్టి చూస్తే ‘తెంచు’ అనుబంధక్రియ అనీ, దానికి ‘తాడు తెంచు’లోని తెంచుతో సంబంధం లేదనీ స్పష్టమవుతుంది.

3. చను: జననానికీ మరణానికీ నడుమ

‘చను’ ధాతువుకు వెళ్ళు, తగు అని అర్థాలున్నాయి. నేడది స్వతంత్రంగా లేదు, ‘చనిపోవు’లో మాత్రమే దాగి ఉంది. కనుక ‘చనియె’ అన్న చోట ‘మరణించె’ అని చదివే అవకాశం ఎక్కువ. ద్రుతప్రకృతికం మీద పరుషం సరళమవుతుంది కనుక, ‘వనమునకుం జనియె’ వంటి ప్రయోగంలో చకారం జకారమవుతుంది. అప్పుడీ క్రియ ‘జనించె’ను తలపిస్తుంది. ఒకే ప్రయాణక్రియ ఒకచోట చావుగానూ, మరొకచోట పుట్టుకగానూ భ్రమ కలిగిస్తుంది. ‘వనమునకు’ అనే గమ్యసూచకపదం రెండు భ్రమలనూ తొలగిస్తుంది.

నిఘంటువుల పరిమితి ఇక్కడే తెలుస్తుంది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువులోగానీ, 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలోగానీ అర్థం ధాతువు కింద దొరుకుతుంది. సంధి తెలియని విద్యార్థి ‘జ’కారంలో వెదికితే నిఘంటువు ఎంత గొప్పదైనా సాయపడదు.

4. ఎఱఁగు - ఎఱుఁగు

‘ఎఱఁగు’ అంటే నమస్కరించు, వంగు. ‘ఎఱుఁగు’ అంటే తెలిసికొను. వీటి క్త్వార్థరూపాలు వరుసగా ‘ఎఱఁగి’, ‘ఎఱిఁగి’. తేడా ఒక్క గుడి మాత్రమే. ముద్రణదోషంతో ఆ గుడి పోయినా, చేరినా భక్తి జ్ఞానమవుతుంది, జ్ఞానం భక్తి అవుతుంది. ఇక్కడ విభక్తి నిర్ణాయకం. ‘మునికి’ అని ఉంటే నమస్కారం, ‘మునిని’ అని ఉంటే ఎఱుక.

వీటిలో నమస్కారార్థకం లోపించినా, జ్ఞానార్థకానికి చెందిన ‘ఎరుక’ తెలంగాణ వాడుకలో సజీవంగా ఉంది. ‘నాకెరుక’, ‘నీకెరుకేనా’ అనే మాటలను మెదక్ పట్టణపు విద్యార్థి ఇంట్లో విని ఉంటాడు. తరగతిలో దానిని ‘మోటుమాట’గా దిద్దితే, కావ్యభాషకు అతని దగ్గరున్న దారిని మూసినట్టే. ‘మనుగడ’ ద్వారా ‘మను’ (జీవించు) ధాతువునూ, ‘ఓపిక’ ద్వారా ‘ఓపు’ (సమర్థత కలిగి ఉండు) ధాతువునూ ఇదే పద్ధతిలో పరిచయం చేయవచ్చు.

5. ముగింపు

అరసున్ననూ శకటరేఫాన్నీ నేటి రచనలో పునరుద్ధరించాలనడం ఆచరణసాధ్యం కాదు. వాటి ఉచ్చారణభేదం శిష్టవ్యవహారంలో లేదు. కానీ ప్రాచీనపాఠాన్ని ముద్రించేటప్పుడు వాటిని తొలగించడం వేరు. అది లిపిని సరళం చేయడం కాదు, అర్థభేదక సాక్ష్యాన్ని చెరిపివేయడం. పాఠ్యగ్రంథాలు మూలరూపాన్ని నిలుపుతూ, లుప్తక్రియ ఎదురైనప్పుడు ధాతువును, దాని సరూపాన్ని, విభక్తి ఆధారాన్ని ఒక చిన్న వివరణలో చూపాలి. పద్యతాత్పర్యాన్ని కంఠస్థం చేయించడం కంటే, ఆ తాత్పర్యం ఏ ఆధారంతో వచ్చిందో చూపడమే మల్లినాథుని నియమానికి దగ్గరైన బోధన.