ఆ గొంతు ఎవరిది?

మా స్టూడెంట్ ఒకమ్మాయి చేసిన సంగీతం వినడానికి ఈమధ్య తెనాలిలో ఒక చిన్న హాలుకి వెళ్ళాను. వాళ్ళది రేపల్లె, చదువు బాపట్లలో. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీ 'వాలియంట్' వినిపించారన్న వార్త చూశాక, ఆయనకు నివాళిగా తనూ ఏదైనా రాయాలనుకుందట. (తేదీ మహిళా దినోత్సవం కావడం కాకతాళీయమే!) పాట కాదు, మాటల్లేవు. నాలుగు వయొలిన్లు, వేణువు, బేస్ గిటార్, తబలా, కీబోర్డు. పది నిమిషాలు.

నివాళి అంటే నాకు భయమే. పాత పాటల ముక్కలు కలిపి కుట్టిన బొంతలు చాలా విన్నాను. ఇది అలా లేదు. రాజా పాట ఒక్కటీ ఎత్తుకోలేదు, ఆయన ఆలోచించే పద్ధతిని పట్టుకుంది. మోహన రాగంలో వేణువు జానపదంలా సాగుతుంటే, కింద బేస్ గిటార్ తాళానికి ఊతంగా ఊరుకోకుండా తన పాట తను పాడుకుంటూ పోతుంది. వయొలిన్లు రెండు జట్లుగా విడిపోయి, ఒకదాని మాటకి ఒకటి అడ్డొస్తూనే ఒకచోట కలుస్తాయి. చివరి రెండు నిమిషాలు మాత్రం సాగదీసింది.

1986లో 'హౌ టు నేమ్ ఇట్' ఆల్బంలో రాజా కూడా త్యాగరాజుకీ బాక్‌కీ నివాళి పట్టారు. అందులో ఒక రచన పేరే 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్'. తను ఎవరికి రుణపడ్డారో పేరు పెట్టి చెప్పుకున్నారన్నమాట.

అమ్మాయి సంగీతంలో మధ్యన వాద్యాలన్నీ ఆగి, దూరం నుంచి ఒక ఆలాపన రావాల్సిన చోటు ఉంది. అక్కడ కీబోర్డు మీద ఆడగొంతు మోగింది. యంత్రం లోపలి 'ఆ…'. తర్వాత ఏం వాయించారో నాకు సరిగా ఎక్కలేదు.

'అన్నక్కిళి' (1976) నుంచీ రాజా సంగీతంలో ఆ చోట తరచూ వినిపించిన గొంతు ఎస్. జానకిది. 1938లో రేపల్లె తాలూకా పల్లపట్లలో పుట్టింది. ఈ అమ్మాయి తాలూకానే! 'సితార' (1984) పాటకి జాతీయ అవార్డు అందుకుంది. రాజా సినిమాల్లోకి రావడానికి పద్నాలుగేళ్ళ ముందే, 'మురిపించే మువ్వలు' (1962)లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరం పక్కన తన గొంతు సమానంగా నిలబెట్టింది. వాద్యంతో గొంతు ఎలా మాట్లాడాలో ఆమెకి అప్పటికే తెలుసు. మరి ఆ విద్యని కూడా 'ఇళయరాజా శైలి' అని ఒక్కరి పేరు మీదే ఎలా రాసేసుకున్నాం? స్వరాలు ఆయనవే, కాదనను. ఊపిరి ఎక్కడ తియ్యాలో, గమకం ఎంతలో ఆపాలో గొంతే కదా తేల్చుకోవాలి! వయొలిన్ వాయించినవాళ్ళ పేర్లు కూడా మనలో చాలామందికి తెలియవు. అది ఇంకో వ్యాసం.

అయ్యాక అడిగాను. "నువ్వు బాగా పాడతావు కదా, అక్కడ నువ్వే పాడకపోయావా?"

"పాడితే సింగర్ అంటారు మేడమ్. మ్యూజిక్ ఎవరు చేశారని కీబోర్డు అబ్బాయి వైపు చూస్తారు. ఇప్పటికి రెండుసార్లయింది."

నాకు జవాబు తోచలేదు. జానకి సంగీత దర్శకత్వం కూడా చేసిందని చెప్పాను. ఆ అమ్మాయికి తెలియదు. 'మౌన పోరాటం' (1989). మోసపోయిన గిరిజన యువతి తన బిడ్డకి తండ్రి ఎవరో లోకం ముందు ఒప్పించడానికి పోరాడే కథ. ఆ రోజుల్లో మా స్నేహితురాళ్ళం ఆ కథ గురించి గంటలకొద్దీ వాదించుకున్నాం. సంగీతం ఎవరిదని ఒక్కరమూ అడగలేదు. టైటిల్స్‌లో పేరు ఉంది. నేనూ చూసే ఉంటాను.

వారం తర్వాత అమ్మాయి ఫోన్ చేసింది. వెనక తెనాలి స్టేషన్ గోల, రేపల్లె పాసింజరు కోసం చూస్తోందట. కీబోర్డు గొంతు తీసేసిందట. మరి అక్కడ ఏం పెట్టావంటే, ఇంకా ఏమీ పెట్టలేదు మేడమ్, ఖాళీగానే ఉంచాను అంది. పాడతావా అంటే నవ్వింది. అంతలో బండి వచ్చింది.