పాఠపరిష్కరణ దృష్టితో ఐసియు లైబ్రరీ విడుదలలు: నకారపొల్లు సాక్ష్యం

సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను 1829లో ఒకసారి, 1839లో మరోసారి ప్రచురించాడు. రెండవసారికి పద్యాల సంఖ్య పెరిగింది. వేమన పద్యాన్ని ఉదాహరించే పరిశోధకుడు అది ఏ ముద్రణలోనిదో చెప్పకపోతే పరీక్షకులు ఊరుకోరు. అదే పరిశోధకుడు కావ్యపాఠాన్ని కంప్యూటరులో వెతికించి, ఫలానా రూపం ఇన్నిసార్లు ప్రయుక్తమైందని లెక్క చూపితే, ఆ లెక్క తీసిన సాధనం ఏ విడుదలకు చెందినదని ఎవరూ అడగరు. అడగవలసిన అవసరం ఉందని ఐసియు లైబ్రరీ చరిత్ర తెలియజేస్తుంది.

ఐసియు అనగానే ఆసుపత్రి స్ఫురిస్తుంది గాని, ఇది పదవిభజన, అకారాదిక్రమం, అక్షరధర్మాల నిర్ణయం వంటి పనులు చేసే ఉమ్మడి సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. 1999లో ఐబిఎం సంస్థ దీని మూలాన్ని బహిరంగపరచింది. 2016 నుండి యూనికోడ్ కన్సార్టియం దీన్ని నిర్వహిస్తున్నది. ఆండ్రాయిడ్, క్రోమ్ మొదలైనవి దీనిపై ఆధారపడినవే.

ఏడాదికి రెండు ప్రధాన విడుదలలు వస్తాయి. విడుదల సమీపించినపుడు ప్రధాన శాఖనుండి ఒక నిర్వహణ శాఖ చీలుతుంది. కొత్త పని ప్రధాన శాఖలో సాగుతుంది. చీలిన శాఖలో జరిగేది దోషాల దిద్దుబాటే. ఒకచోట చేసిన దిద్దుబాటు రెండవచోటికీ చేరాలి. తాళపత్రప్రతుల శాఖలు లేఖకుల పొరపాట్ల వల్ల, ఇష్టానిష్టాల వల్ల ఏర్పడినవి. వాటి వంశవృక్షాన్ని పరిష్కర్త ఊహించి గీయాలి. ఇక్కడ చీలిక ఉద్దేశపూర్వకమైనది. ప్రతి మార్పుకూ కర్త, తేదీ నమోదై ఉంటాయి. పరిష్కర్తలకు అసూయ కలిగించే ఏర్పాటిది!

ఈ నిర్వాహకులు ప్రోగ్రామర్లకు ఒక మాట ఇచ్చారు. కొత్త ప్రమేయం మొదట ముసాయిదాగా ఉంటుంది. స్థిరమని ప్రకటించిన తరువాత దానిని తేలికగా మార్చరు. మంచి నియమమే. అయితే ప్రమేయం పేరు మారదన్న హామీకి, అది ఇచ్చే జవాబు మారదన్న హామీకి చాలా దూరం ఉంది. రెండవ హామీ లేదు.

నకారపొల్లునే చూద్దాం. పాత ప్రతుల్లో కనిపించే ఈ రూపానికి 2021 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 14.0లో ప్రత్యేక స్థానం లభించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఐసియు 69కి అది ఇంకా కేటాయింపు లేని సంకేతం. అక్టోబరులో వచ్చిన 70కి అది అక్షరం. ‘వచ్చెన్’ అన్న పదాన్ని ఈ పొల్లుతో రాసి ఉంటే, 70 దాన్ని ఒకే పదంగా గ్రహిస్తుంది. 69 మాత్రం ‘వచ్చె’ దగ్గరే పదాన్ని ముగించి, పొల్లును విడిగా వదిలేస్తుంది. అంటే ద్రుతాంతరూపం కాస్తా పదసూచికలో ద్రుతం కోల్పోతుంది. ద్రుతప్రయోగాలను లెక్కించే వ్యాసానికి ఇంతకన్న పెద్ద ప్రమాదం ఏముంటుంది? ‘న’కు విరామచిహ్నం చేర్చి టైపు చేసిన పాఠాలకు ఈ చిక్కు లేదు. కాని ఆ రూపానికీ, ప్రత్యేక సంకేతానికీ యూనికోడ్ సమానత్వం చెప్పలేదు కనుక, ఒకదానికోసం వెతికితే రెండవది దొరకకపోవచ్చు.

నిర్వాహకులు జవాబులను స్తంభింపజేయాలని నేననడం లేదు. అలా చేస్తే నకారపొల్లు ఎన్నటికీ వచ్చేది కాదు. 69 నిర్వహణ శాఖలోకి కొత్త అక్షరాలను దించకపోవడం కూడా సబబే. దిద్దుబాటు పేరుతో పాఠాన్ని పెంచితే అది పునర్ముద్రణ కాదు, కొత్త ముద్రణ. నా అభ్యంతరం మనమీదే. సిద్ధాంతగ్రంథాల్లో పుస్తకానికి ముద్రణ, సంవత్సరం, పుట ఇస్తున్నాం. పదగణనకు మాత్రం సాధనం పేరైనా ఇవ్వం. పరీక్షకుడు అదే పాఠం మీద ఆ లెక్కను తిరిగి చేసి చూసే వీలుండదు.

ఆ పాఠమైనా నిలకడగా ఉందా అంటే అదీ సందేహమే. ఆన్‌లైన్ కావ్యపాఠాల్లో అచ్చుతప్పు కనబడితే చాలాచోట్ల పాత పాఠం మీదనే దిద్దుతున్నారు. దిద్దినవారి పేరుగాని, తేదీగాని, దిద్దుబాటుకు ముందున్న రూపంగాని మిగలడం లేదు.