‘సేకరణ: ఇంటర్నెట్’ – పేరు చెరిపేసే పని గురించి

రెండేళ్ల కిందట మా పత్రిక ఒక సంచిక అట్ట మీద చుండూరు బొమ్మ వేశాం. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపాక, ఆ ఏడే గీసిన బొమ్మ అది. నల్ల సిరాతో గీసిన ముగ్గురు తల్లులు, పొలం గట్టు మీద కూచుని ఉంటారు. ప్రతి ఆగస్టులో ఫోన్ల నుంచి ఫోన్లకు తిరిగే బొమ్మే. ఎవరో పంపితే తీసుకుని వేసేశాం. లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ‘ముఖచిత్రం – సేకరణ: ఇంటర్నెట్’ అని రాశాం.

సంచిక వచ్చిన వారానికి ఆ బొమ్మ గీసిన చిత్రకారుడు ఫోన్ చేశాడు. “తమ్ముడూ, నేను డబ్బులడగట్లేదు. ఈ ఇంటర్నెట్ అనేవాడెవడు? ఎప్పుడు గీశాడీ బొమ్మ? ఆ రోజుకి వాడు పుట్టాడా అసలు?” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. దళితుల మీద పరిశోధన చేస్తున్నామని చెప్పుకునే మేమే ఒక దళిత చిత్రకారుడి పేరు మింగేశాం. ఈ వ్యాసం ఆ తప్పు దగ్గర నుంచే మొదలు పెడుతున్నాం.

ఆ తర్వాత ఆ బొమ్మ ఎక్కడెక్కడ తిరిగిందో వెతికాం. అసలు బొమ్మకు కింద కుడి మూల సంతకం, తేదీ ఉన్నాయి. ఎవరో ఫోన్‌కి సరిపడేట్టు నలుపలకలుగా కత్తిరించారు. సంతకం అక్కడే పోయింది. ఒక స్వచ్ఛంద సంస్థ సరిగ్గా ఆ మూలనే తన గుర్తు వేసుకుని నివేదిక అట్టకి వాడుకుంది. ఇంకెవరో కంప్యూటర్లో రంగులు పులిమి, తల్లుల కళ్లల్లో నీళ్లు పెట్టారు. అసలు బొమ్మలో ఆ తల్లులు ఏడవరు. సూటిగా మనకేసి చూస్తుంటారు. ఆ బొమ్మకి బలమే ఆ చూపు. చివరికి అది టీషర్టు మీదికెక్కి ఆన్‌లైన్లో అమ్మకానికి కూడా వచ్చింది.

ఇంటర్నెట్ కొత్తదేగానీ ‘సేకరణ’ పాత మాటే. జానపద గేయాల సంపుటాలు తిరగెయ్యండి. అట్ట మీద సేకర్త పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. నాట్లేస్తూ ఆ పాట కట్టిన మాలమాదిగ ఆడమనిషి పేరు చాలా సంపుటాల్లో ఉండదు. ఉంటే గింటే ఆమె ఊరు ఉంటుంది, కులం ఉంటుంది. డక్కలి కళాకారుడు పటం విప్పి జాంబపురాణం చెప్తుంటే ఫోటో తీస్తారు. దాని కింద తీసినవారి పేరే వేస్తారు. చట్టం కూడా ఫోటోకి కర్త ఫోటో తీసినవాడే అంటుంది. కథ చెప్పినవాడు ‘ఒక డక్కలి కళాకారుడు’గా మిగిలిపోతాడు. అంటే సేకరించినవాడు మనిషీ, చేసినవాడు ముడిసరుకూ అన్నమాట. అగ్రకుల పండితుల మీద ఈ విమర్శ మనం ఎన్నో ఏళ్లుగా చేస్తున్నాం. ఆ మాటనే తెచ్చి మా పత్రికలో మేం రాసుకున్నాం.

దీనికి మనోళ్లు ఒక మాటంటారు. “ఉద్యమ బొమ్మకి హక్కులేంటి? అది జాతి సొత్తు. ఎంతమందికి చేరితే అంత మంచిది గదా?” అని. ఈ మాటను తేలిగ్గా తోసెయ్యలేం. ఆ బొమ్మ చేతులు మారబట్టే చుండూరు తర్వాత పుట్టిన పిల్లలకు చుండూరు తెలిసింది. హాస్టల్లో ఒక ఆడపిల్ల దాన్ని ప్రింటు తీసి గోడకి అంటించుకుంటే ఆ చిత్రకారుడు సంతోషిస్తాడు గానీ కోర్టుకి పోడు.

కానీ ఇవ్వడం వేరు, లాక్కోవడం వేరు. ఊళ్లో చావుకి డప్పు కొట్టించుకుని, చెప్పులు కుట్టించుకుని, కూలి అడిగితే ‘ఇది మీ వృత్తి ధర్మం’ అన్నారు. దాన్ని వెట్టి అన్నాం. చిత్రకారుణ్ణి అడక్కుండా బొమ్మ తీసుకుని, పేరు కోసేసి, అడిగితే ‘ఇది మన ఉద్యమ ధర్మం’ అంటే దాన్నేమనాలి? కవిత కింద కవి పేరు లేకుండా అచ్చేస్తే ఊరుకుంటామా? బొమ్మలు వేసేవాడి విషయంలో మాత్రం మనకా పట్టింపు ఎందుకు లేదు? రాత మేధస్సు, గీత చేతిపని అనే మనువాద లెక్క మన బుర్రల్లోనూ ఉన్నట్టే గదా!

చట్టం ఏమంటుందో చూద్దాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గియ్యగానే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చిత్రకారుడు బతికినన్నాళ్లూ, చనిపోయాక ఇంకో 60 ఏళ్లూ ఆ హక్కు ఉంటుంది. 57వ సెక్షన్ ఇంకా ముఖ్యం. హక్కులన్నీ అమ్మేసుకున్నా ‘ఇది నా బొమ్మ’ అని చెప్పుకునే హక్కు పోదు. తన పరువుకి నష్టం కలిగేట్టు బొమ్మని వికృతం చేస్తే అడ్డుకోవచ్చు. తల్లుల కళ్లల్లో నీళ్లు పెట్టినవాణ్ణి ఈ సెక్షన్ కింద నిలదీయొచ్చని మా అభిప్రాయం. ఇంటర్నెట్‌లో బొమ్మను నిల్వ ఉంచే సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, 2013 నిబంధనల ప్రకారం 36 గంటల్లో దాన్ని కనపడకుండా చెయ్యాలి. అయితే 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపించకపోతే మళ్లీ పెట్టేసుకోవచ్చు.

ఇరవయ్యొక్క రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేవడం ఎవరి తరం? ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కంచు శిల్పాన్ని 1979లో పీకి పక్కన పడేస్తే, దాన్ని చేసిన అమర్‌నాథ్ సెహగల్ 1992లో కోర్టుకెక్కాడు. ఢిల్లీ హైకోర్టు శిల్పం తిరిగిచ్చి 5 లక్షల పరిహారం కట్టమని 2005లో చెప్పింది. పేరుమోసిన శిల్పికే పదమూడేళ్లు పట్టింది. గోడల మీద అక్షరాలు రాసి బతికే మన చిత్రకారుడి సంగతేంటి? హక్కు కాయితం మీద అందరికీ ఒకటే. అది అందుకునే నిచ్చెన కొందరికే ఉంది.

అయినా నిచ్చెన లేనివాళ్లు గెలిచిన సందర్భం ఒకటుంది. ఆస్ట్రేలియాలో పెర్త్‌కి చెందిన ఒక కంపెనీ ఆదివాసీ చిత్రకారుల బొమ్మల్ని అడక్కుండా వియత్నాంలో తివాచీలుగా నేయించి అమ్మింది. బండుక్ మరికా గీసిన పవిత్రమైన నీటిగుంట బొమ్మ జనం కాళ్ల కిందికొచ్చింది. బతికున్న చిత్రకారులూ, చనిపోయినవారి తరఫువాళ్లూ కలిసి దావా వేశారు. 1994లో ఫెడరల్ కోర్టు 1,88,640 డాలర్ల పరిహారం ఇచ్చింది. తమ జాతిలో ఆ చిత్రకారులకు జరిగిన అవమానాన్ని కూడా నష్టంగానే లెక్కగట్టింది. వాళ్లు ‘జాతి సొత్తు’ అనే మాటని చిత్రకారుడి నోరు మూయించడానికి వాడలేదు. చిత్రకారుడి వెనక జాతి నిలబడటానికి వాడారు. మనం నేర్చుకోవాల్సింది ఇదే.

కాబట్టి అందర్నీ ఒకే గాట కట్టొద్దంటున్నాం. గోడకి అంటించుకున్న పిల్లతో మనకి తగువు లేదు. ఫ్లెక్సీ షాపులో బొమ్మ వాడుకునే సంఘాలకి చెప్పి, కింద పేరు వేయించాలి. నిధులున్న సంస్థల్నీ, అమ్ముకునే వ్యాపారుల్నీ మాత్రం డబ్బులతో సహా లెక్క అడగాల్సిందే. ఆ నోటీసు చిత్రకారుడు ఒంటరిగా ఇవ్వకూడదు. దళిత న్యాయవాదులు, సంఘాలు పక్కన నిలబడాలి. చిత్రకారులు అసలు బొమ్మని తేదీతో సహా భద్రపరచాలి. సంతకాన్ని మూలన కాకుండా బొమ్మ మధ్యలో కలిపెయ్యాలి.

మా వంతు మేం చేసింది కొంచెమే. తర్వాతి సంచికలో తప్పు ఒప్పుకుని, ఆయన పేరు అచ్చేసి, ముఖచిత్రానికి ఇవ్వాల్సింది ఇచ్చాం. ఇకనుంచి గీసినవారెవరో తెలియని బొమ్మ వెయ్యం. వెతికినా దొరక్కపోతే అట్ట తెల్లగానే వదిలేస్తాం.

ఇంత రాసి ఈ వ్యాసంలో ఆయన పేరెందుకు రాయలేదని మీరడుగుతారు. టీషర్టుల వ్యాపారి మీదికి వెళ్లే ఆలోచనలో ఉన్నాడు, అది తేలేదాకా ఈ గొడవలోకి తన పేరు తేవద్దన్నాడు. సరే అన్నాం. పేరు రాయకపోవడం రెండుసార్లూ జరిగింది. ఈసారి మాత్రం ఆయన్నడిగే ఆపాం.