ఆ లేఖలో గొంతు ఎవరిది?

1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు రాసిన బహిరంగ లేఖను సాహిత్య విద్యార్థులూ చదవాలి. ఆల్టెయిర్ బేసిక్‌ను డబ్బివ్వకుండా నకలు చేసుకుంటున్నారనీ, రాయల్టీని లెక్కగడితే తమ శ్రమకు గంటకు 2 డాలర్లు కూడా గిట్టలేదనీ ఫిర్యాదు. గొంతు కష్టజీవిది. కూలి అడగడం న్యాయమే. కానీ మాంటీ డేవిడాఫ్‌ను పనిలో పెట్టుకున్నామని మొదట్లోనే ఒక ముక్క అంటాడు. చదువరి దాన్ని దాటిపోతాడు. చివరికొచ్చేసరికి, పదిమంది ప్రోగ్రామర్లను పెట్టుకుని మంచి సాఫ్ట్‌వేర్‌తో మార్కెట్‌ను ముంచెత్తడం కన్నా తనకు ఆనందం లేదంటాడు. కూలివాడి భాషలో యజమాని మాట్లాడుతున్నాడన్నమాట! ఆ పదిమంది వాటా గురించి ఒక్క వాక్యమూ లేదు.

1985లో అచ్చయిన రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్నూ మేనిఫెస్టో' పంచుకోవడాన్ని ఇరుగుపొరుగు ధర్మంగా నిలబెట్టింది. ప్రోగ్రామర్ ఎలా బతకాలన్న ప్రశ్ననూ తప్పించుకోలేదు. సాఫ్ట్‌వేర్ పన్ను దాకా ఆలోచించింది. అయితే అది వ్యక్తి అంతరాత్మను పిలిచినంత గట్టిగా సంఘటిత శ్రామికుణ్ణి పిలవలేదు. ఈ లోటు చిన్నది కాదు.

1998లో 'ఓపెన్ సోర్స్' అన్న పేరు పెట్టాక స్వేచ్ఛ అన్న మాట వెనక్కి పోయింది, సామర్థ్యం ముందుకొచ్చింది. పేరు మారితే పాఠకుడూ మారతాడు: ఇప్పుడు వింటున్నది వ్యాపారి. 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొన్నది. కూలి తీసుకోకుండా రాసిన కోడ్ కూడా ఆ ధరకు ఆధారమే.