ఉభయచరాలలో డింభక దశ పునరావిర్భావం: ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిణామక్రమంలో ఒకసారి లోపించిన సంక్లిష్ట నిర్మాణం యథాతథంగా తిరిగి రాదని బెల్జియం పురాజీవశాస్త్రవేత్త లూయీ డోలో 1893లో ప్రతిపాదించాడు. ఈ సూత్రాన్ని పరీక్షకు నిలిపిన ఉదాహరణలలో ఊపిరితిత్తులు లేని ప్లెథోడాంటిడే కుటుంబపు సాలమాండర్లు ముఖ్యమైనవి.

ఈ కుటుంబంలో అధిక జాతులకు స్వేచ్ఛాజీవి అయిన డింభకం లేదు. గుడ్డు నుండి ప్రౌఢజీవిని పోలిన పిల్ల నేరుగా వెలువడుతుంది. ఉత్తర అమెరికాకు చెందిన డెస్మోగ్నాథస్ ప్రజాతిలో మాత్రం అధిక జాతులకు మొప్పలు గల జలచర డింభకం ఉంది. దీనిని చాలాకాలం ఆదిమ లక్షణంగానే భావించారు. అయితే 2004లో వెలువడిన అణుస్థాయి వంశవృక్షాలు ఈ ప్రజాతిని ప్రత్యక్షాభివృద్ధి గల జాతుల నడుమ నిలిపాయి. మార్పుల సంఖ్య కనిష్ఠంగా ఉండాలంటే, డింభక దశ పోయి మళ్లీ వచ్చిందని అంగీకరించవలసి వచ్చింది.

నిజంగా పోయినదేమిటి? ర్యాన్ కెర్నీ, సహపరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నను పిండం వద్దకు తీసుకువెళ్లింది. ప్రత్యక్షాభివృద్ధి గల ప్లెథోడాన్ సినెరియస్ పిండంలో నాలుకకు, మొప్పలకు ఆధారమయ్యే అస్థిపంజర భాగాన్ని వారు పరిశీలించారు. డింభకానికే పరిమితమైన మృదులాస్థులు అందులో కొద్దికాలం ఏర్పడి, ఆపై పునర్నిర్మాణానికి లోనవుతున్నాయి. అంటే రూపవిక్రియ తొలగిపోలేదు, గుడ్డులోపలికి మారింది. కనుక డెస్మోగ్నాథస్‌లో జరిగినది పునఃసృష్టి కాదని, ఉన్న అభివృద్ధిక్రమపు విస్తరణ మాత్రమేనని వారి నిర్ణయం.

ఈ నిర్ణయం బలమైనదే అయినా దాని పరిధిని గుర్తించాలి. పిండంలో డింభక నిర్మాణాలు నిలిచి ఉంటే, ఆ దశ తిరిగి వెలువడడం సులభమన్నది నిజమే. కాని పొదిగే కాలం మారడంతోనే వేర్వేరు శాఖలలో ఆ దశ విడివిడిగా మరుగుపడడమూ అంతే సులభం కావచ్చు. అందువల్ల ఈ సాక్ష్యం పునరాగమనం సాధ్యమని చూపుతుందే తప్ప, చరిత్రలో అదే జరిగిందని రుజువు చేయదు. పైగా డింభక దశ అనేక అవయవాల సముదాయం. ఒక అస్థిపంజర భాగం దానికంతటికీ ప్రతినిధి కాజాలదు.

కప్పలకు దీనిని వర్తింపజేయడంలో మరింత జాగ్రత్త అవసరం. ప్యూర్టోరికోకు చెందిన కోకీ కప్ప పిండంలో పార్శ్వరేఖాంగాలు, సిమెంట్ గ్రంథి వంటి తోకకప్ప లక్షణాలు ఏర్పడనే ఏర్పడవు. అటువంటి వంశంలో తోకకప్ప తిరిగి వస్తే డోలో సూత్రానికి అది నిజమైన సవాలవుతుంది. కనుక 'లోపించిన దశ' అని నిర్ణయించే ముందు వంశవృక్షంతోపాటు, ప్రతి అవయవపు పిండాభివృద్ధినీ విడివిడిగా పరిశీలించడం అవసరం.