కనిపించని గుర్తుకు ఒక కీ

ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో తెలుగు అక్షరాల కీబోర్డు కోసం నేను వెతకను. హిందీ అక్షరాలు అచ్చేసింది ఏదైనా సరే, దాని మీద తెలుగు శుభ్రంగా కొట్టొచ్చు. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక చలవ అది. వాళ్ల 'క' ఎక్కడుందో మన 'క' కూడా అక్కడే. హిందీకి అక్కర్లేని మన హ్రస్వాలు ఎ, ఒ మాత్రం ఎడమ అంచున సర్దుకున్నాయి. వాటి చోటు వేళ్లకు తెలిస్తే చాలు.

చిక్కంతా ఇంగ్లీషు మాటలతోనే. నోయిడా ఆఫీసుల్లో మనం రాసుకునే తెలుగులో వాక్యానికో సాఫ్ట్‌వేరో షార్ట్‌కటో తగులుతుంది. 'షార్ట్' తర్వాత 'కట్' కొట్టగానే ట్ కిందికి క వత్తు దిగి 'షార్ట్కట్' అయి కూర్చుంటుంది. పొల్లు పొల్లుగా నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పడాలి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో 200సి. హిందీ వాళ్లకు ఈ బెడద తక్కువ. పొల్లు పెట్టకుండా ఉత్త 'ట' రాసేసి దాన్నే 'ట్' అని చదువుకుంటారు, హాయిగా! ఇరాన్ వాళ్లకు ఈ గుర్తు అడుగడుగునా కావాలి, అందుకే వాళ్ల ప్రామాణిక కీబోర్డులో షిఫ్ట్, స్పేస్ కలిపి నొక్కితే పడిపోతుంది. విండోస్ ఇన్‌స్క్రిప్ట్‌లో మనకిచ్చింది కంట్రోల్, షిఫ్ట్, 2. మాటకోసారి మూడు కీలంటే వేళ్లకు కసరత్తే.

వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో దీన్ని మార్చుకోవచ్చు. కంట్రోల్ కె, ఆ వెంటనే కంట్రోల్ ఎస్ కొడితే షార్ట్‌కట్ల జాబితా తెరుచుకుంటుంది. దాని వెనకున్న ఫైల్లో 'టైప్' అనే ఆదేశానికి ఆ 200సిని అప్పగించడమే. ఏ కీకి ఇవ్వాలన్నదే అసలు ఆలోచన. ఇరాన్ పద్ధతి ముచ్చటగానే ఉంది కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో ళ పడాలంటే షిఫ్ట్ కావాలి. 'వాళ్ళ', 'ఏళ్ళ' లాంటి మాటల చివర షిఫ్ట్ మీది వేలు ఒక్క క్షణం ఆలస్యంగా లేచినా స్పేస్‌కు బదులు ఈ గుర్తు పడి 'వాళ్ళ‌ఊరు' అంటుకుపోతుంది. అందుకే ఆల్ట్, డి ఎంచుకున్నాను. ఇన్‌స్క్రిప్ట్‌లో పొల్లు పడేది డి మీదే. పొల్లు కొట్టిన వేలు అక్కడే ఉంటుంది, బొటనవేలు ఆల్ట్ మీదికి జరిగితే చాలు. భాష మార్చినా ఇది పనిచేయాలంటే ఆ ఫైల్లో అక్షరాన్ని కాకుండా కీ ఉన్న స్థానాన్ని రాయాలి. చదరపు బ్రాకెట్లలో రాస్తే వీఎస్ కోడ్ స్థానంగానే తీసుకుంటుంది.

ఇంతకు మించి నేనేమీ మార్చలేదు. కట్, కాపీ, పేస్టులకు ఎక్స్, సి, వి అనేవి ఆపిల్ లీసా కంప్యూటర్ నాటి నుంచి వస్తున్న అలవాటు. వాటిని తిరగేసుకునే మిత్రులున్నారు, గురుగ్రామ్‌లో ఇంకొకరి సీట్లో కూర్చున్నప్పుడు వాళ్ల అవస్థ చూడాలి. నా ఏర్పాటుకూ హద్దుంది, అది ఎడిటర్ గడప దాటదు. వాట్సాప్‌లో ఇంటికి రాసేటప్పుడు మళ్లీ కంట్రోల్, షిఫ్ట్, 2.