'త్రికాల్': గోవా అందం - ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరువాత మీరు:
• 'త్రికాల్' చిత్రానికి ఉన్న చారిత్రక నేపథ్యాన్ని వివరించగలరు.
• ఒక కళాకృతిలో అందం ఏ పని చేస్తున్నదో పరిశీలించగలరు.
• చిత్రంలోని గుణాలతోపాటు పరిమితులను కూడా చర్చించగలరు.

1. పరిచయం
గోవా అనగానే సముద్రతీరం, తెల్లని చర్చిలు, పాతకాలపు బంగళాలు మన కళ్ల ముందు మెదులుతాయి. అక్కడికి వెళ్లనివారికి కూడా ఈ బొమ్మ పరిచయమే. ఇది అబద్ధం కాదు, కాని సగం నిజం. మిగిలిన సగాన్ని వెతికిన చిత్రం శ్యామ్ బెనెగళ్ హిందీలో తీసిన 'త్రికాల్' (1985). బెనెగళ్ హైదరాబాదు ప్రాంతంలో పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నారు. ఇందులో ప్రధాన పాత్ర ధరించిన లీలా నాయుడు తండ్రి మదనపల్లెకు చెందినవారు. ఈ చిత్రానికి బెనెగళ్ ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం అందుకున్నారు.

2. చారిత్రక నేపథ్యం
1510లో అల్బుకెర్క్ గోవాను జయించాడు. 1961 డిసెంబరు 19న అది భారతదేశంలో కలిసింది. మధ్య గడిచిన 451 సంవత్సరాలలో రెండు సంస్కృతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పోర్చుగీసుల మాంసం వంటకం కొబ్బరికల్లుతో చేసిన వెనిగర్‌ను, మసాలాను కలుపుకొని విందాలూ అయింది. కొంకణి మాటలకు పాశ్చాత్య స్వరాలు తోడై 'మాండో' పాట పుట్టింది. పోర్చుగీసు ప్రభావం గోవా దగ్గరే ఆగలేదు. మనం వాడే 'మేస్త్రీ', 'పాదిరి', 'అలమార' వంటి మాటలు కూడా ఆ భాష నుంచి వచ్చినవే.

అయితే ఇదే పాలనలో 1560లో మతవిచారణ న్యాయస్థానం ఏర్పడింది. 1684లో కొంకణి వాడకాన్ని అణచివేసే ఉత్తర్వు వెలువడింది. పాటకూ ఉత్తర్వుకూ ఒకే పాలన నేపథ్యమన్న విషయం గుర్తుంచుకొని చిత్రంలోకి వెళదాం.

3. కథాంశం
రూయిజ్ పెరేరా (నసీరుద్దీన్ షా) 24 సంవత్సరాల తరువాత తన ఊరికి తిరిగి వస్తాడు. అతని జ్ఞాపకంగా కథ 1961కి వెళుతుంది. పోర్చుగీసు పాలనకు అవి చివరి రోజులు. ఊరిలోని సంపన్న కుటుంబపు పెద్ద మరణిస్తాడు. అతని భార్య దోనా మరియా (లీలా నాయుడు) ఆ మరణాన్ని ఒప్పుకోలేదు. మనుమరాలు ఆనా నిశ్చితార్థానికి ఆటంకం వస్తుంది. ఆనా మనసేమో పోలీసులకు దొరకకుండా అదే ఇంటి నేలమాళిగలో దాగిన విప్లవకారుడు లియోన్ మీద ఉంటుంది.

4. ఇల్లే ప్రధాన పాత్ర
చిత్రీకరణ చాలావరకు లౌటోలిం గ్రామంలో, ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు మారియో మిరాండా పూర్వీకుల ఇంట్లో జరిగింది. విశాలమైన గదులు, చెక్కిన కుర్చీలు, గోడల మీద పూర్వీకుల చిత్రాలు కనిపిస్తాయి. ఛాయాగ్రాహకుడు అశోక్ మెహతా రాత్రి దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులో చూపారు. ఆ వెలుగు ముఖాలను మృదువుగా చూపుతుంది, గది మూలలను మాత్రం చీకటిలోనే ఉంచుతుంది. ఈ చిత్రంలో అందం పనిచేసే తీరు కూడా ఇదే. మనం ఆ వెలుగుకు ముగ్ధులమైన తరువాతే దర్శకుడు చీకటి మూలల వైపు మన చూపు తిప్పుతాడు.

5. అందం వెనుక
భర్త ఆత్మతో మాట్లాడాలని దోనా మరియా పనిమనిషి మిలాగ్రేనియాను (నీనా గుప్తా) మాధ్యమంగా కూర్చోబెడుతుంది. కాని వచ్చేది భర్త కాదు. ఆ కుటుంబపు పూర్వీకుల ద్రోహానికి బలైన తిరుగుబాటుదారుడు విజయ్ సింగ్ రాణే వస్తాడు. 19వ శతాబ్దిలో సత్తరి ప్రాంతపు రాణేలు పోర్చుగీసులపై పలుమార్లు తిరగబడ్డారన్నది చరిత్ర. తన ప్రియమైన గతాన్ని పిలిచిన ఆమెకు, ఇల్లు దాచిన గతం ఎదురవుతుంది. చిత్రమంతటికీ కీలకమైన సన్నివేశం ఇదే.

మిలాగ్రేనియా స్థానాన్ని కూడా గమనించండి. ఆమె మరణించిన యజమానికి వివాహేతర సంబంధం వల్ల పుట్టిన కూతురు. రక్తం ఆ ఇంటిదే, చోటు మాత్రం వంటింట్లో. ఇంటివారు ఆత్మలను పిలవాలన్నా ఆమె శరీరమే కావాలి. ఆ భోజనపు బల్ల ఎవరి చాకిరీ మీద నిలిచిందో చెప్పడానికి దర్శకుడికి ఉపన్యాసం అవసరం కాలేదు.

6. పరిమితులు
చిత్రం అడిగిన ప్రశ్ననే మనం చిత్రాన్నీ అడగాలి. కథ చెప్పేవాడు రూయిజ్. అతడు మిలాగ్రేనియా విషయంలో తన బాధ్యత నెరవేర్చనివాడు. అందువల్ల ఆమె అతని పశ్చాత్తాపంలో భాగంగానే మనకు ఎక్కువగా తెలుస్తుంది. ఆమె తన కథను తాను చెప్పుకోదు.

రెండవది, గోవా గ్రామాల్లో భూస్వామిని భాట్‌కార్ అనీ, అతని భూమిలో ఇల్లు కట్టుకొని బతికేవారిని ముండ్‌కార్లు అనీ అంటారు. ముండ్‌కార్లను ఇళ్ల నుంచి వెళ్లగొట్టకుండా రక్షించేందుకు 1975లో చట్టం చేశారు. వారి బతుకు ఈ చిత్రంలో అంచులకే పరిమితమైంది. బంగళా గోడ దాటి కెమెరా ఎంతో దూరం వెళ్లదు.

మూడవది భాష. కొంకణి, పోర్చుగీసు మాట్లాడే కుటుంబం హిందీలో మాట్లాడటం వల్ల, ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడతారన్న తేడా చెరిగిపోయింది. యజమానికీ పనివారికీ మధ్య దూరాన్ని భాష కూడా చూపగలిగేది.

7. సారాంశం
'త్రికాల్' గోవా అందాన్ని కాదనదు, దానిని ఎవరు మోశారని అడుగుతుంది. అందాన్ని ఆరాధించి ఊరుకుంటే మిలాగ్రేనియా మనకు కనిపించదు. దోపిడీ పేరు చెప్పి అందాన్ని తోసిపుచ్చితే దోనా మరియా దుఃఖం అర్థం కాదు. ఈ రెండింటినీ కలిపి చూడటమే విమర్శకుడి పని. మీ ఊరిలోని పాత గడీనో, బంగళానో, కోటనో ఈసారి చూసినప్పుడు ఇదే ప్రశ్న వేసి చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. ఆత్మను పిలిచే సన్నివేశం చిత్రానికి కీలకమని ఎందుకు చెప్పవచ్చు?
2. కథను రూయిజ్ కాక మిలాగ్రేనియా చెప్పి ఉంటే చిత్రంలో ఏ మార్పులు వచ్చేవి? మీ మాటల్లో రాయండి.